అలీవాల్ షోల్‌లో డైవింగ్: సొరచేపల గురించి టెన్షన్ వద్దు, మిగతావి చూసుకోండి

మీరు అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో మొదటి మెట్టు) చేశారు, ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లో అక్కావాళ్లింటికి వస్తున్నారు. దక్షిణాఫ్రికా తీరంలో నీళ్ల కింద ఉన్న రాతి దిబ్బ అలీవాల్ షోల్‌లో సొరచేపల్ని, మునిగిన ఓడల్ని చూడొచ్చా, ప్రమాదమా అని అడిగారు. నేను డర్బన్‌లో ఉంటాను, వీలున్నప్పుడల్లా అక్కడ డైవ్ చేస్తాను. సొరచేపల్ని తప్పకుండా చూడండి. ఓడలకు మాత్రం ఇప్పుడే వద్దు.

డర్బన్‌కు దక్షిణాన ఉమ్‌కోమాస్ అనే ఊరుంది. అక్కడి నుంచి సముద్రంలోకి దాదాపు 5 కిలోమీటర్లు వెళ్తే ఈ షోల్ వస్తుంది. ఒకప్పటి ఇసుక దిబ్బే గట్టిపడి రాయిగా మారి నీళ్లలో ఉండిపోయింది. మీరు వచ్చేది సరైన సీజన్. జూన్, జులై నుంచి నవంబరు దాకా ర్యాగీలు, అంటే ర్యాగ్డ్ టూత్ సొరలు, జతకట్టడానికి అక్కడి గుహల దగ్గరికి చేరతాయి. నోరు మూసినా వంకర పళ్లు బయటికే కనిపిస్తాయి కాబట్టి చూడగానే గుండె ఝల్లుమంటుంది. కానీ చాలా నెమ్మదైన జీవి. పైకి వచ్చి గాలి మింగి కడుపులో నిలుపుకుంటుంది, అందుకే పెద్దగా ఈత కొట్టకుండానే నీళ్లలో తేలుతూ ఉంటుంది. వేట ఎక్కువగా రాత్రిపూటే.

18 మీటర్ల లోతు దాటని గుహ దగ్గర ఇసుక మీద కదలకుండా ఉండి చూడండి. కాసేపటికి అవే దగ్గరికొస్తాయి. కంటి చుట్టూ ముడతలు, మొప్పల కదలిక, ఒంటి మీద పాత గాట్లు అన్నీ కనిపిస్తాయి. ఆ గాట్లలో చాలావరకు జతకట్టేటప్పుడు మగవి కొరికినవి. కింద ఇసుకలో రాలిన పళ్లుంటాయి, వాటిని అక్కడే వదిలేయండి. గుహ ద్వారానికి మాత్రం అడ్డంగా నిలబడొద్దు. దారి మూసుకుపోయిందనుకుంటే తోకను ఒక్కసారి ఝాడిస్తుంది, తుపాకి పేలినట్టు చప్పుడొస్తుంది. అది వెళ్లిపొమ్మనే హెచ్చరిక. ఎర వేసి సొరల్ని రప్పించే డైవ్‌లూ ఉన్నాయి, మొదటిసారికి అవి వద్దని నా అభిప్రాయం. సొర తన పాటికి తాను ఉన్నప్పుడు చూస్తేనే దాన్ని చూసినట్టు.

మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది పడవ దగ్గర. హ్యావ్‌లాక్‌లోలా ఇక్కడ జెట్టీ ఉండదు. రబ్బరు పడవను నది మొగలోంచి అలల మీదుగా నడుపుతారు. లైఫ్ జాకెట్ వేసుకుని, పాదాలు పట్టీల్లో దూర్చి, తాడు గట్టిగా పట్టుకోవాలి. పడవ నడిపే స్కిప్పర్ అలల మధ్య సందు కోసం చూసి ఒక్కసారిగా వేగం పెంచుతాడు. తిరిగొచ్చేటప్పుడు అదే వేగంతో ఇసుక మీదికి ఎక్కించేస్తాడు. వాంతుల మాత్ర ముందే వేసుకోండి. ఆగస్టులో నీళ్లు 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటాయి, మందమైన 5 మిల్లీమీటర్ల సూట్ అడగండి. ప్రవాహం బలంగా ఉంటే గైడ్‌తో పాటే వెంటనే కిందికి దిగాలి, పైన ఆలస్యం చేస్తే దూరంగా కొట్టుకుపోతారు.

ఇక ఓడలు. 1884లో మునిగిన నెబో రైల్వే సామగ్రితో వస్తున్న స్టీమర్. 1974లో ఈ రాళ్లకే తగిలి మునిగిన 'ప్రొడ్యూస్', మొలాసిస్ (చెరకు మడ్డి) మోసుకెళ్తున్న నార్వే ఓడ. ఇవి రెండూ 25, 30 మీటర్ల లోతులో ఉంటాయి. మీ సర్టిఫికెట్ 18 మీటర్ల వరకే. ఆ లోతులో గాలి త్వరగా అయిపోతుంది, నత్రజని వల్ల బుర్ర మందగిస్తుంది, తుప్పు పట్టిన రేకులు చేతులు కోస్తాయి. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి వస్తే ప్రొడ్యూస్ దగ్గర మనిషి కంటే పెద్ద గ్రూపర్ చేపలు కనిపించవచ్చు. డబ్బు కోసం ఎవరైనా "ఏం కాదులే, రండి" అన్నా వెళ్లొద్దు.

చాలామంది మర్చిపోయే విషయం ఇంకొకటి ఉంది. జొహానెస్‌బర్గ్ దాదాపు 1,750 మీటర్ల ఎత్తులో ఉంది. ఉదయం డైవ్ చేసి సాయంత్రం కారులో బయల్దేరడమంటే విమానం ఎక్కడంతో సమానం, పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి డీకంప్రెషన్ సిక్‌నెస్ (ఒంట్లో కరిగిన నత్రజని బుడగలు కట్టే జబ్బు) రావచ్చు. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. అందుకే శుక్ర, శనివారాల్లో డైవ్‌లు పెట్టుకుని, ఆదివారం తీరంలోనే ఉండి సోమవారం బయల్దేరండి. 1860 నుంచి చెరకు తోటల పనికి వచ్చిన మన తెలుగువాళ్ల వారసులు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆదివారం గుళ్లకు వెళ్తే కలుస్తారు.