నిఘంటువు రాస్తే గిరిజన భాష నిలబడుతుందా?

నిఘంటువు ఒక్కటే భాషను బతికించదు. కానీ అది లేకపోతే బడిపుస్తకం రాయడానికి కూర్చున్నవారు మొదటి పేజీలోనే ఆగిపోతారు. సవర భాష సంగతే చూడండి. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ, పక్కనే ఒడిశాలోనూ మాట్లాడే ఈ భాష తెలుగుకు బంధువు కాదు, ముండా అనే వేరే భాషాకుటుంబానిది. మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలచుకునే గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ ఈ భాష నేర్చుకున్నారు. 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి.

మాటలు పోగేసి అకారాదిగా పేర్చడమే పని అనుకుంటే సవర దగ్గర బోల్తా పడతాం. సవరలో పులి 'కిన'. అదే 'నిన్ను పులి పట్టుకుంటుంది' అనాలంటే పులి క్రియలోకే దూరిపోయి 'కిడ్' అవుతుంది. వాక్యం మొత్తం ఒకే మాట! 'కిన' మాత్రమే ఎక్కించిన నిఘంటువులో ఆ మాట విన్న పిల్లవాడికి పులి దొరకదు. కాబట్టి రెండు రూపాలూ ఎక్కాలి, పక్కన ఒక వాక్యమూ ఉండాలి.

లిపి మరో చిక్కు. 1936లో సవరకు సొంతంగా సొరాంగ్ సొంపెంగ్ లిపి పుట్టింది. అయినా ఆంధ్ర వైపు తెలుగు లిపి, అటు ఒడియా లిపి కూడా వాడుకలో ఉన్నాయి. గొంతులో ఠక్కున ఆగే ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. అందుకే ఇప్పుడు నిఘంటువు చేసేవారు ప్రతి మాటకూ ఊరి పెద్దల గొంతు రికార్డు చేసి జతపరచడం మంచిదని నా అభిప్రాయం.