డాక్టర్ సలహా: జూలీ కాళ్ళ నొప్పి సరే, ఆ నీళ్ళ సంగతేంటి?

ప్రశ్న:
డాక్టర్ గారికి నమస్కారం. మాది అనంతపురం. మా జూలీ ఆడ లాబ్రడార్. పదకొండేళ్ళు నిండాయి, 36 కిలోలు ఉంటుంది. ఒక్కసారే ఈనింది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాత్రం చేయించలేదు. రెండు నెలలుగా పడుకుని లేచేటప్పుడు వెనక కాళ్ళు పట్టేసి కష్టపడుతోంది, మిద్దె మెట్లు ఎక్కడం మానేసింది. మెడికల్ షాపులో అడిగితే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర ఇచ్చారు. పూటకు సగం చొప్పున వారం వేస్తే చక్కగా నడిచింది. ఆపితే మళ్ళీ మామూలే. అందుకని మొన్నటి నుంచి తిరిగి మొదలుపెట్టాం. ఈ మధ్య తిండి తగ్గించింది. నీళ్ళు మాత్రం తెగ తాగి రాత్రుళ్ళు ఇంట్లోనే పోసేస్తోంది. అందుకే సాయంత్రం ఏడు దాటాక నీళ్ళ గిన్నె తీసేస్తున్నాం. ఉగాదికి హీట్‌కు (ఎదకు) వచ్చింది, ఈ వయసులో కూడా వస్తుందా అనుకున్నాం. కాళ్ళకు ఏ నూనె మర్దన చేయాలి? బలానికి ఏ టానిక్ మంచిది? రాగి సంగటి పెట్టొచ్చా? కళ్ళు నీలంగా కనిపిస్తున్నాయి, శుక్లాలా?
- ఓ పాఠకురాలు

జవాబు:
అమ్మా, ముందు రెండు పనులు చేసి, తర్వాత మిగతాది చదవండి. ఆ మాత్ర ఆపేయండి. నీళ్ళ గిన్నె దాని చోట దాన్ని పెట్టేయండి, రాత్రి కూడా. ఇల్లు తడిస్తే తుడుచుకోవచ్చు.

మీరు అడిగింది నూనె గురించి, టానిక్ గురించి. మీరు మాటవరసకు రాసిన ఉగాది సంగతే నన్ను కంగారు పెడుతోంది. ఉగాదికి హీట్‌కు వచ్చిందంటే ఇప్పటికి ఏడు వారాలు. ఆపరేషన్ కాని ఆడకుక్క, వయసు మీరింది, హీట్ అయ్యాక నెల నుంచి రెండు నెలల లోపు నీళ్ళు ఎక్కువ తాగుతోంది, తిండి తగ్గించింది. ఈ నాలుగూ ఒకేచోట కనిపిస్తే, కాదని తేలేదాకా పయోమెట్రాగానే అనుమానించాలి. అంటే గర్భసంచిలో చీము చేరడం. హీట్ తర్వాత కడుపు వచ్చినా రాకపోయినా ఆడకుక్కలో రెండు నెలల దాకా ప్రొజెస్టరాన్ హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. దాని ప్రభావంతో గర్భసంచి లోపలి పొర దళసరి అవుతుంది, ముఖద్వారం మూసుకుంటుంది. అప్పటికే లోపలికి చేరిన సూక్ష్మక్రిములకు అది వెచ్చటి గూడు. ఏళ్ళ తరబడి ప్రతి హీట్‌కూ ఇదే జరుగుతుంది కాబట్టి వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. హీట్ రాకుండా ఎప్పుడైనా హార్మోన్ ఇంజెక్షన్ వేయించి ఉంటే ఇంకా ఎక్కువ. అలా వేయించి ఉంటే మీ డాక్టర్‌కు చెప్పండి.

దీనికీ నీళ్ళకూ ఏం సంబంధం అంటారా? ఆ క్రిముల విషాలు కిడ్నీలకు చేరి, మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని దెబ్బతీస్తాయి. మూత్రం నీళ్ళలా పలచగా, ఎక్కువగా పోతుంది. పోయిన నీటిని పూడ్చుకోవడానికే కుక్క తాగుతుంది. తాగడం వల్ల పోయడం కాదు, పోతోంది కాబట్టి తాగడం. గిన్నె తీసేస్తే పోయడం ఆగదు, ఒంట్లో నీరు ఎండిపోతుంది. అనంతపురం ఎండల్లో, పైగా నొప్పి మాత్ర కడుపులో ఉండగా, ఇది చాలా చెడ్డ పని. తెలియక చేశారు, సరే. ఇకమీదట చేయొద్దు.

తోక కింద చూడండి. చీము, జిగట, కాఫీ రంగు స్రావం, దుర్వాసన ఉందా? అదే పనిగా అక్కడ నాకుతోందా? స్రావం కనిపిస్తే అనుమానం బలపడినట్టే. కనిపించకపోతే ఊపిరి పీల్చుకోవద్దు. ద్వారం మూసుకుపోయిన రకమే ఎక్కువ ప్రమాదం. చీము బయటికి రాదు, పొట్ట ఉబ్బుతుంది, గర్భసంచి పగిలే అవకాశం కూడా ఉంటుంది. అందుకే జూలీని లేపడానికి పొట్ట కింద టవల్ వేసి ఎత్తొద్దు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు నాలుగు కొసలూ పట్టుకోండి. పొట్టను నొక్కి చూడడం కూడా వద్దు.

ఉత్తరం చదివి జబ్బు ఇదేనని తేల్చలేను. నీళ్ళు ఎక్కువ తాగడానికి కిడ్నీ జబ్బు, షుగరు, అడ్రినల్ గ్రంథి జబ్బు, లివరు జబ్బు ఏదైనా కారణం కావచ్చు. కానీ మిగతావాటికి రెండు రోజులు ఆగొచ్చేమో, దీనికి ఆగకూడదు. ఈ రోజే చూపించండి. స్కానింగ్ గానీ ఎక్స్‌రే గానీ, దాంతోపాటు తెల్లకణాల లెక్క, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరియా, ఆపైన షుగరు చేయించాలి. మీ దగ్గర స్కానింగ్ దొరక్కపోతే తిరుపతి, ప్రొద్దుటూరులలో పశువైద్య కళాశాలలున్నాయి, ముందు ఫోన్‌లో కనుక్కొని బయలుదేరండి. పయోమెట్రా అని తేలితే సెలైన్, యాంటీబయాటిక్‌తో కుదుటపరిచి గర్భసంచి, అండాశయాలు తీసేస్తారు. ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా అని తప్పకుండా అడుగుతారు. కుదుటపరిచి చేసే ఆపరేషన్‌కు ఒక ప్రమాదం, విషం ఒంటికి పాకాక అర్ధరాత్రి చేసే ఆపరేషన్‌కు అంతకంటే పెద్ద ప్రమాదం. ఒట్టి మాత్రలతో నయం చేయమని డాక్టర్‌ను బతిమాలొద్దు. చీము లోపలే ఉంటుంది.

ఇప్పుడు ఆ మాత్ర. దీనిమీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే వారం వేస్తే చక్కగా నడిచింది అన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. నొప్పి తగ్గింది నిజమే. తిండి తగ్గడం కూడా ఆ మాత్ర వల్లే కావచ్చు. కడుపు గోడకు రక్షణగా ఉండే జిగురు పొరను, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసే రసాయనాలను ఈ జాతి మందులు అడ్డుకుంటాయి. నీళ్ళు చాలని ఒంట్లో కిడ్నీ ఆ రసాయనాల మీదే ఆధారపడి పనిచేస్తుంది. మనం వాడే ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు కుక్కలో పిత్తంతో పేగులోకి దిగి, మళ్ళీ రక్తంలోకి ఎక్కుతూ ఎక్కువసేపు ఉండిపోతాయి. మనకు ఒక పూట పనిచేసేది దానికి అదే లెక్కలో ఉండదు. మీ మాత్రలో ఉన్న పారాసిటమాల్ మోతాదు మించితే లివరును దెబ్బతీస్తుంది, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది, చిగుళ్ళు మట్టిరంగుకు తిరుగుతాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే దానికి ఒక్క మాత్ర చాలు ప్రాణం మీదికి రావడానికి.

ఒక మాట. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని కేంద్రం 2006లో, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను 2023లో నిషేధించింది. అది కుక్కల కోసం కాదు, ఆ మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోతున్నాయని. పశువుల ఒంట్లో ఎసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. మీ షాపులో ఇచ్చింది ఆ ఎసిక్లోఫెనాకే.

మరి కుక్కలకు నొప్పి మందులు లేవా అంటే ఉన్నాయి. మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్, ఫిరోకాక్సిబ్ మేమూ రాస్తాం. మెలాక్సికామ్ రోజూ వాడేటప్పుడు కిలోకు 0.1 మిల్లీగ్రాము. అంటే జూలీకి రోజుకు 3.6. మనుషుల మాత్రల్లో 15 మిల్లీగ్రాములది ఉంటుంది, అంటే దాదాపు నాలుగింతలు. అయితే పావు ముక్క విరిచి వేస్తాం అని ఇప్పుడు మీ మనసులోకి వస్తుంది, నాకు తెలుసు. వద్దు. కిడ్నీ రిపోర్టు చూడకుండా ఆ పావు కూడా ఎక్కువే. పైగా ఒక నొప్పి మందు ఆపి ఇంకోటి మొదలుపెట్టడానికి మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల ఎడం ఇస్తాం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద నొప్పి మాత్ర పడితే కడుపులో పుండు పడే ప్రమాదం చాలా ఎక్కువ. ఎవరైనా కాంపౌండర్‌తో ఒక సూది వేయించి ఉంటే అది ఏమిటో కనుక్కోండి.

మలం రంగు చూశారా? తారులా నల్లగా, జిగటగా ఉంటే కడుపులో రక్తం కారినట్టు. తెల్ల కాగితం మీద కాస్త రుద్దితే ఎర్రటి ఛాయ తేలుతుంది. పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. లాబ్రడార్లలో కొన్నిటికి చిగుళ్ళే నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. పాలిపోయి ఉన్నా, రక్తం కక్కినా, లేవలేకపోయినా రేపటి దాకా ఆగొద్దు. మీరు అడిగిన టానిక్‌లో ఐరన్ ఉంటే అదీ మలాన్ని నల్లగా చేస్తుంది, అప్పుడు పుండు వల్లో టానిక్ వల్లో మాకు తెలియదు. కాబట్టి టానిక్ ప్రస్తుతానికి లేదు. కాల్షియం సిరప్ కీళ్ళ అరుగుదలకు చేసేదేమీ లేదు.

ఇక కాళ్ళు. ఈ వయసు లాబ్రడార్‌లో తుంటి, మోకాలి కీళ్ళు అరగడం చాలా మామూలు. కానీ గోమార్లు (పిడుదులు) పట్టే కుక్కయితే వాటి వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్ళు పట్టేస్తాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అలాంటి కుక్కకు నొప్పి మాత్ర వేస్తే రక్తం కారే ప్రమాదం ఇంకా ఎక్కువ. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వెతకండి. రక్తపరీక్షకు ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి అదీ చూడమనండి.

నూనె గురించి: నువ్వుల నూనె రుద్దితే హాని లేదు, కీలు లోపలికి పోయి చేసేదీ లేదు. కుక్క దాన్ని నాకేస్తుంది, అంతే. నొప్పి బామ్‌లు, నీలగిరి తైలం, కర్పూరం కలిపిన నూనెలు మాత్రం వద్దు. వాటిలోని మందు నాలుక మీదుగా కడుపులోకే పోతుంది.

నూనె కంటే మీ ఇంటి నేల సంగతి చూడండి. మనవైపు ఇళ్ళలో కడప బండలో బేతంచర్ల బండలో పాలిష్ పట్టించి పరుస్తారు. మనకు చల్లగా బాగుంటుంది. తుంటి బలం తగ్గిన కుక్కకు అది జారుడుబల్ల. లేవబోయి రెండు కాళ్ళూ చెరో వైపు జారితే, ఆ భయంతో లేవడమే మానేస్తుంది, కండ ఇంకా కరిగిపోతుంది. పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కడి నుంచి వాకిలి దాకా దారిలా ఏదైనా పరవండి. పశువుల కింద వేసే రబ్బరు మ్యాట్ అన్నిటికంటే మేలు, ఉతుక్కోవచ్చు, జారదు. లేకపోతే గోనెసంచులు కలిపి కుట్టి అంచులకు టేపు వేయండి. విడిగా వేస్తే సంచితో సహా జారుతుంది. నడిచేటప్పుడు బండ మీద టక్‌టక్‌మని చప్పుడు వస్తుంటే గోళ్ళు పెరిగినట్టు, కత్తిరించాలి. పాదం మెత్తల మధ్య వెంట్రుకలు కూడా. పరుపు నాలుగు అంగుళాల మందం ఉండాలి. కూలర్ గాలి నేరుగా తగలని గోడవార వేయండి.

36 కిలోలు ఆడ లాబ్రడార్‌కు ఎక్కువే. చాలావాటికి 25 నుంచి 32 మధ్య సరిపోతుంది. పక్కటెముకల మీద చెయ్యి ఆనిస్తే ఎముకలు తగలాలి. మీకు తగలకపోతే లెక్క అర్థమైనట్టే. కానీ తిండి తగ్గించిన ఈ వారంలో బరువు తగ్గించే ప్రయత్నం చేయొద్దు. ఆపరేషన్, రిపోర్టులు అన్నీ అయ్యాక, వారానికి 350 గ్రాములకు మించకుండా దించాలి. ఏదైనా ధాన్యం అంగడిలోని కాటా మీద నిలబెట్టి రెండు వారాలకోసారి తూచండి. అప్పుడు నడక కూడా ఒక్కసారి గంట కాకుండా పది పదిహేను నిమిషాల చొప్పున మూడుసార్లు. తారురోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకూ అది నిప్పే.

సంగటి పెట్టొచ్చు. ఊరుబిండి పచ్చడి అంటకుండా. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను విరిచేస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీకి విషం. శెనక్కాయల కాలంలో బూజుపట్టిన కాయలు, నూనె తీసిన పాత చెక్క దాని నోటికి అందకుండా చూడండి, ఆ బూజు విషాన్ని కుక్క లివరు అస్సలు తట్టుకోలేదు. మాంసం, గుడ్డు ఎంత పెట్టాలన్నది క్రియాటినిన్ చూశాకే.

కళ్ళలో నీలి మసక ఈ వయసులో చాలావరకు కటకం గట్టిపడడం, చూపు పోదు. శుక్లం తెల్లగా, పాలలా ఉంటుంది. వెళ్ళినప్పుడు టార్చి వేసి చూడమనండి, ఇదేమీ తొందర పని కాదు. పొదుగు వరసల్లో వేరుశెనగ గింజంత గడ్డ ఏదైనా తగులుతోందేమో మాత్రం అదే రోజు చూపించండి.

నీళ్ళ కొలత కూడా తీసుకెళ్తే బాగుంటుంది. పొద్దున కొలిచి పోయండి, ఇరవైనాలుగు గంటల తర్వాత మిగిలింది తీసేయండి. అదే కొలతతో ఇంకో గిన్నె కుక్కకు అందకుండా పెడితే ఎండకు ఆవిరయ్యేది ఎంతో తెలుస్తుంది. జూలీ బరువుకు రోజుకు రెండు లీటర్ల దాకా మామూలు, ఎండల్లో ఇంకొంచెం. మూడున్నర దాటితే జబ్బే. అయితే కొలవడం కోసం ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేయొద్దు. తెల్లవారి మొదటి మూత్రాన్ని శుభ్రమైన స్టీలు గరిటెలో పట్టి సీసాలో పోసుకుంటే చాలు, రెండు గంటల్లోపు ఇవ్వండి.

ఎండ ఎక్కకముందే బయలుదేరండి. అన్నం పెట్టొద్దు, నీళ్ళు మాత్రం అడిగినప్పుడల్లా ఇవ్వండి. ఆ మాత్రల అట్ట వెంట తీసుకెళ్ళండి. ఎన్ని వేశారో, ఆఖరిది ఎన్ని గంటలకు వేశారో దాచకుండా చెప్పండి. మత్తుకూ నొప్పికీ ఏ మందు వాడొచ్చో ఆ లెక్కను బట్టే తేలుతుంది.