ఎమినెమ్ గొప్ప రాపర్ కావడానికి పేదరికమూ కోపమూ కారణమా?

అమెరికన్ రాప్ గాయకుడు ఎమినెమ్ జీవితం గురించి చెప్పమని, పేదరికమూ కోపమూ వల్లనే ఆయన అంతటి రాపర్ అయ్యాడన్న మాట ఎంతవరకు నిజమో వివరించమని అడిగారు. నేను 2011 నుంచి ఆరేళ్ళపాటు మిషిగన్ రాష్ట్రంలోని వారెన్ పట్టణంలో, కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేశాను. ఆయన పెరిగిన వీధులు మా ఆఫీసు నుంచి కారులో పదిహేను నిమిషాల దూరం. ఆ కాస్త పరిచయంతో రాస్తున్న జవాబు ఇది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పేదరికం ఆయనకు రాయడానికి వస్తువును ఇచ్చింది, శిల్పం మాత్రం ఆయన కూర్చుని నేర్చుకున్నదే.

సినిమా పుణ్యమా అని ఎయిట్ మైల్ పేరు అందరికీ తెలుసు గానీ, ఆ రోడ్డు ఏమిటో చూస్తే తప్ప అర్థం కాదు. అది డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు పొలిమేర. దానికి దక్షిణాన నల్లజాతీయులు అధికంగా ఉండే నగరం, ఉత్తరాన దశాబ్దాలపాటు తెల్లవారే ఎక్కువగా స్థిరపడిన శివారు పట్టణాలు. కూడళ్ళలో నేరుగా ఎడమకు తిరగనివ్వరు; కూడలి దాటి ముందుకు వెళ్ళి, మధ్యలో విడిచిన సందులోంచి వెనక్కి మళ్ళి, అప్పుడు కుడికి తిరగాలి. కొత్తలో నేను ఆ మలుపు దగ్గర ఎన్నిసార్లు దారి తప్పానో లెక్కలేదు. ఎమినెమ్ కౌమారం చాలావరకు ఆ గీతకు అటూ ఇటూ ఇళ్ళు మారడంతోనే గడిచింది.

అసలు పేరు మార్షల్ బ్రూస్ మేథర్స్. 1972 అక్టోబరు 17న మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి వదిలి వెళ్ళిపోగా, తల్లి డెబ్బీ ఆయన్ను వెంటబెట్టుకుని మిస్సోరీకీ డెట్రాయిట్ పరిసరాలకూ మధ్య తిరుగుతూ పెంచింది. వారెన్‌లోని లింకన్ హైస్కూలులో తొమ్మిదో తరగతి మూడుసార్లు తప్పి, పదిహేడో ఏట చదువు మానేశాడు. తర్వాత సెయింట్ క్లెయిర్ షోర్స్‌లోని గిల్బర్ట్స్ లాడ్జ్ అనే రెస్టారెంట్‌లో వంటపని చేశాడు. 1995 క్రిస్మస్ రోజున కూతురు హేలీ పుట్టేనాటికి చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు.

డెట్రాయిట్‌లోని డ్రెస్డెన్ వీధిలో ఆయన చిన్నప్పుడు ఉన్న ఇల్లు ఆయన రెండు ఆల్బమ్‌ల అట్టల మీద కనిపిస్తుంది. చూద్దాం చూద్దాం అనుకుంటూ నేను వాయిదా వేస్తూ ఉండగానే, 2013 నవంబరులో దానికి నిప్పంటుకుంది. నెల తిరగకుండా కూల్చేశారు కూడా. డిసెంబరులో ఒక ఆదివారం వెళ్ళేసరికి మంచు కప్పిన ఖాళీ స్థలం మిగిలింది. నన్ను ఆలోచింపజేసింది ఆ ఖాళీ స్థలం కాదు, అదే వీధిలో కిటికీలకు చెక్కలు కొట్టి వదిలేసిన మిగతా ఇళ్ళు. పేదరికమూ కోపమూ చాలితే ఆ వీధికి ఒక్క ఎమినెమే ఎందుకు వచ్చాడు?

ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది మా ఆఫీసు భోజనపు బల్ల దగ్గర. డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి సహోద్యోగి ఒకాయన, నాకంటే పదేళ్ళు పెద్ద, ఫోనులో ఎమినెమ్ పాడిన 'లూజ్ యువర్‌సెల్ఫ్' పాట మొదలు మళ్ళీ మళ్ళీ పెట్టి, ప్రాస కలిసిన ప్రతిచోటా వేలితో బల్ల మీద తట్టి చూపించాడు. 'పామ్స్ ఆర్ స్వెటీ', 'ఆర్మ్స్ ఆర్ హెవీ', 'మామ్స్ స్పగెటీ' అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగేసి ధ్వనులు, నాలుగూ వరుసగా కలుస్తాయి. మన పద్యంలో ప్రాసకు రెండో అక్షరంలో హల్లు నిలబడాలి, అచ్చు మారినా తప్పులేదు. ఇక్కడ సరిగ్గా తలకిందులు: అచ్చులు నిలబడతాయి, హల్లులు మారిపోతాయి. ఈ సంగతి తెలిశాక నేను ఎమినెమ్ పాటలను వినే తీరే మారిపోయింది. అంతకుముందు నాకు వినిపించింది వేగమూ బూతులూ మాత్రమే.

ఇంగ్లీషులో 'ఆరెంజ్' అనే మాటకు ప్రాస లేదని అందరూ అంటారు. 2010లో ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలో ఎమినెమ్ ఆ మాటను రెండు ముక్కలుగా విరిచి పలికి, 'ఫోర్ ఇంచ్', 'డోర్ హింజ్', 'స్టోరేజ్', 'పారిజ్' అంటూ వరుసగా కలిపి చూపించాడు. అదే ఇంటర్వ్యూలో, ఎప్పుడో పనికొస్తాయని చిక్కటి చిన్న అక్షరాలతో మాటలు రాసి పెట్టెలో దాచుకున్న చిత్తుకాగితాలనూ బయటికి తీశాడు. బడిలో తప్పిన మనిషే నిఘంటువులు తిరగేసేవాడు. స్టూడియోకు ఆయన ఉద్యోగానికి వెళ్ళినట్టు ఉదయం తొమ్మిదికి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఆగి, అయిదింటికి ఇంటికి వెళ్తాడని గాయకుడు ఏకాన్ చెప్పినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు.

ఆ శిల్పం కూడా ఒక్కసారిగా పట్టుబడలేదు. 1996లో వచ్చిన తొలి ఆల్బమ్ 'ఇన్ఫినిట్' వెయ్యి ప్రతులకు అటూ ఇటూగా అమ్ముడైంది. న్యూయార్క్ రాపర్ల గొంతును అరువు తెచ్చుకున్నాడన్నారు, ఆ విమర్శలో నిజం ఉంది. ఆ దెబ్బ తర్వాతే స్లిమ్ షేడీ అనే కొంటె, క్రూర పాత్రను కల్పించుకున్నాడు. 1997లో లాస్ ఏంజెలస్‌లో జరిగిన రాప్ ఒలింపిక్స్ అనే రాపర్ల పోటీలో రెండో స్థానమే వచ్చింది, అంటే ఓడిపోయాడు; అయితే ఆ ప్రయాణంలోనే ఆయన టేపు ఇంటర్‌స్కోప్ అనే రికార్డుల సంస్థకు చేరి, అక్కడి నుంచి పేరున్న రాపర్, నిర్మాత డాక్టర్ డ్రే చెవిన పడింది. 1999లో 'ద స్లిమ్ షేడీ ఎల్పీ', 2000లో అమెరికాలో మొదటి వారమే 17 లక్షలకు పైగా అమ్ముడైన 'ద మార్షల్ మేథర్స్ ఎల్పీ', 2002లో ఆయన నటించిన 'ఎయిట్ మైల్' సినిమా, మరుసటి ఏడాది అందులోని 'లూజ్ యువర్‌సెల్ఫ్'కు ఆస్కార్. ఒక హిప్-హాప్ పాటకు ఆ పురస్కారం రావడం అదే మొదలు. అందుకోవడానికి ఆయన వెళ్ళనేలేదు.

స్త్రీల గురించి, స్వలింగ సంపర్కుల గురించి ఆయన రాసిన కొన్ని చరణాలను నేను సమర్థించను. పాత్ర మాట్లాడుతోందన్న సమాధానం కొన్నిచోట్ల నిలుస్తుంది, అన్నిచోట్లా నిలవదు. పాటల్లో తనను కించపరిచాడని కన్నతల్లే కోటి డాలర్లకు దావా వేసింది. చివరికి 25 వేలకు రాజీ కుదిరి, లాయర్ ఖర్చులు పోగా ఆమెకు దక్కింది సుమారు 1,600 డాలర్లు. 2013లో 'హెడ్‌లైట్స్' పాటలో ఆయన తల్లిని క్షమాపణ అడిగాడు. ఆమె 2024 డిసెంబరులో మరణించింది.

కోపమే మూలధనమని నమ్మేవారు చూడవలసిన ఘట్టం 2007. అంతకు ముందు సంవత్సరం ఏప్రిల్‌లో ప్రాణస్నేహితుడు ప్రూఫ్ ఎయిట్ మైల్ రోడ్డు మీది ఒక క్లబ్బులో తూటాలకు బలయ్యాడు. నిద్రమాత్రలకూ నొప్పి మాత్రలకూ అప్పటికే బానిసైన ఎమినెమ్ మరింత దిగజారి, 2007 డిసెంబరులో మెథడోన్ అనే మత్తుమందు మోతాదు మించి చావు అంచు దాకా వెళ్ళాడు. 2008 ఏప్రిల్ 20 నుంచి మత్తు ముట్టలేదు. కోలుకున్నాక చూసుకుంటే కోపానికి కొదవ లేదు, దుఃఖానికి అసలే లేదు. పోయింది చేతిలోని విద్య. రాయడం, పలకడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 2009 నాటి 'రిలాప్స్'లో వింత వింత యాసలు పెట్టి పాడడం ఆ తడబాటులో భాగమనే నాకు తోస్తుంది. మరుసటి ఏడాది 'నాట్ అఫ్రెయిడ్' పాటలో ఆ యాసలు శ్రుతి మించాయని తానే ఒప్పుకున్నాడు.

నల్లజాతివారి కళలో తెల్లవాడైనందువల్ల ఆయనకు మార్కెట్ ఎక్కువగా కలిసివచ్చిందన్న మాటా నిజమే, దాన్ని ఆయన దాచలేదు. మా సహోద్యోగి ఆయన్ను 'మా ఇంటికి వచ్చిన అతిథి, ఎంగిలి కంచం తానే కడుక్కునే రకం' అనేవాడు. 2022 నవంబరులో సంగీత ప్రముఖులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న రాత్రి, ఎమినెమ్ కాగితం తీసి, తనకంటే ముందరి రాపర్ల పేర్లు వందకు పైగా చదివాడు. తాను హైస్కూలు చదువు ఆపేసినవాడినని, తనకున్నది హిప్-హాప్ చదువేనని, వీళ్ళే తన గురువులని అన్నాడు. అప్పటికి నేను హైదరాబాదు తిరిగి వచ్చి అయిదేళ్ళయింది. ఆ వీడియో చూస్తుంటే అందులో చాలా పేర్లు నాకు తెలిసినవే అనిపించింది. ఆ భోజనపు బల్ల దగ్గర, వేలి చప్పుళ్ళ మధ్య విన్నవి.