సీజన్‌కూ సీజన్‌కూ మధ్య ఇల్లు గడవాలంటే అప్పు దారి కాదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) స్టూడియోలో కాంట్రాక్టు మీద కంపోజిటర్‌గా, అంటే విడివిడి దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపే పనిలో ఉన్నాను. రెండేళ్లుగా ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ షాట్లే చేస్తున్నాను. నెలకు 90,000 రూపాయలు ఇస్తారు, ముందే కోసే పన్ను (టీడీఎస్) 10 శాతం పోగా 81,000 చేతికి వస్తుంది. షాట్లు అప్పగించే డెలివరీ రోజుల్లో ఓవర్‌టైమ్ కొంత కలుస్తుంది. కిందటి ఏడాది మొత్తం 11 లక్షలు వచ్చాయి. మణికొండలో అద్దె 18,000, ఇంటి ఖర్చు 20,000, రాజమండ్రిలో ఉన్న అమ్మానాన్నలకు 10,000, పాప స్కూలుకు 5,000, కారు కిస్తీ 11,500, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ 10,000. క్రెడిట్ కార్డు మీద 1,40,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం డ్యూ 7,000 కడుతున్నాను. బ్యాంకులో 60,000, మ్యూచువల్ ఫండ్లలో 3,20,000 ఉన్నాయి. నాలుగు నెలల్లో ఈ సీజన్ పని, దానితోపాటే నా కాంట్రాక్టు ముగుస్తాయి. తరువాతి సీజన్‌కు పిలుస్తామన్నారు. 16 శాతం వడ్డీకి నాలుగేళ్లకు 8 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. దాంతో 3.5 లక్షలకు వర్క్‌స్టేషన్ కొని, 1.5 లక్షలతో ఎఫ్‌ఎక్స్ (పేలుళ్లు, పొగ, నీరు వంటివి కంప్యూటర్‌లో సృష్టించే) కోర్సు చేసి, మిగిలిన 3 లక్షలు షేర్లలో పెట్టి ఆ లాభంతో కిస్తీలు కట్టాలనుకుంటున్నాను. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదు. ఈ రుణం మీరు తీసుకోకూడదు. మీ ఉత్తరాన్నే ఎంచుకుని విపులంగా జవాబు రాయడానికి కారణం, ఇందులోని పొరపాటు మీ ఒక్కరిది కాకపోవడం. కాంట్రాక్టు మీద పనిచేసేవారిలో చాలామంది పని ఉన్న నెలల్లో వచ్చే మొత్తాన్ని జీతంగా భావించి, దాని మీదే అద్దె, కారు, కార్డు అన్నీ నిలబెడతారు. మీకు వస్తున్నది జీతం కాదు, ఒక సీజన్‌కు సంబంధించిన పారితోషికం. అది పని లేని నెలలకు కూడా సరిపోవాలి.

మీ రంగంలో ఆ పని లేని నెలలు ఎంత దీర్ఘంగా ఉంటాయో మీకు నాకంటే బాగా తెలిసి ఉండాలి, అయినా మీ లెక్కలో వాటికి చోటు కనిపించలేదు. 1995 నుంచి 2001 వరకు నడిచిన ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ ఏడు సీజన్లలో 172 ఎపిసోడ్లు ఇచ్చింది. ఆ రోజుల్లో సైన్స్ ఫిక్షన్ సిరీస్‌కు పనిచేసే కళాకారుడికి ఏటా దాదాపు ఒకే నెలల్లో పని మొదలై ఒకే నెలల్లో ముగిసేది కాబట్టి ఖాళీ ఎప్పుడొస్తుందో ముందే తెలిసేది. ఇప్పుడు స్ట్రీమింగ్ సిరీస్‌కు ఎనిమిది, తొమ్మిది, పది ఎపిసోడ్లే ఉంటున్నాయి, రెండు సీజన్ల మధ్య ఏళ్లు గడిచిపోతున్నాయి. ‘సెవరెన్స్’ మొదటి సీజన్ 2022 ఫిబ్రవరిలో వస్తే రెండవది 2025 జనవరిలో వచ్చింది. ఆ మధ్యలో, 2023లో, మే 2 నుంచి హాలీవుడ్ రచయితలు, జులై 14 నుంచి నటీనటులు సమ్మె చేశారు. నటీనటుల సమ్మె నవంబరు 9 వరకు సాగింది. అక్కడ చిత్రీకరణ ఆగితే ఇక్కడికి ప్లేట్లు (చిత్రీకరించిన దృశ్యాలు) రావు, ప్లేట్లు రాకపోతే దృశ్యంలోని మనుషులను, వస్తువులను విడదీసే రోటో నుంచి అన్నీ కలిపే కంప్ వరకు ఎవరికీ పని ఉండదు. ‘తరువాతి సీజన్‌కు పిలుస్తాం’ అని మీతో అన్నవారు నిజాయితీగానే అని ఉండవచ్చు, కానీ ఆ సీజన్ ఉంటుందో లేదో నిర్ణయించేది వారు కాదు. ‘ది ఎక్స్‌పాన్స్’ను 2018 మే నెలలో సైఫై ఛానల్ వదులుకుంది. అదే నెలలో అమెజాన్ దాన్ని తీసుకోవడం ఆ సిరీస్ అదృష్టం, అలాంటి అదృష్టం అన్ని సిరీస్‌లకూ ఉండదు.

స్టూడియో మంచిదైతే మనకు ఢోకా లేదనుకోవడం కూడా పొరపాటే. ‘బాబిలాన్ 5’ సైన్స్ ఫిక్షన్ సిరీస్ తొలి చిత్రానికి 1993లో ఎమ్మీ అందుకుని, టెలివిజన్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు దారి చూపిన ఫౌండేషన్ ఇమేజింగ్ చేతి నుంచి మూడవ సీజన్ తరువాత ఆ పని పోయింది. 2002లో ఆ సంస్థే మూతపడింది. హైదరాబాద్‌లోనూ శాఖ ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది, అదే నెలలో దాని పనికి ఆస్కార్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో వీఎఫ్‌ఎక్స్ సంస్థ టెక్నికలర్ గ్రూపు కుప్పకూలినప్పుడు బెంగళూరులో వేలాది మంది ఉన్నపళంగా ఉద్యోగాలు కోల్పోయారు. ఈ సంస్థలకు ప్రతిభ కొరవడి ఇలా జరగలేదు. షాట్‌కు ఇంత అని ముందే ధర ఒప్పుకుని, ఆపైన క్లయింటు ఎన్ని మార్పులు అడిగినా చాలావరకు ఆ ధరలోనే చేసిపెట్టే వ్యాపారంలో మిగులు చాలా తక్కువ. మిగులు లేని స్టూడియో పని లేని నెలల్లో కాంట్రాక్టు కళాకారులను కూర్చోబెట్టి పోషించలేదు. అందువల్ల ఆ నెలల భారం మీ మీదే పడుతుంది.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 81,500 అవుతోంది, చేతికి వచ్చేది 81,000. అంటే కాంట్రాక్టు నడుస్తున్న రోజుల్లోనే నెలకు 500 లోటు ఉంది, దాన్ని ఓవర్‌టైమ్ కప్పిపెడుతోంది. కార్డు సంగతి ఇంకా బాధాకరం. 1,40,000 బాకీ మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 4,900, దాని మీద 18 శాతం జీఎస్టీ 882, మొత్తం 5,782. మీరు కడుతున్న 7,000లో అసలుకు చేరేది 1,218 మాత్రమే. మీ కార్డు స్టేట్‌మెంట్‌లో ‘ఫైనాన్స్ ఛార్జీలు’ అన్న వరుస ఒకసారి చూడండి. మీ వడ్డీ రేటు కొద్దిగా అటూ ఇటూ ఉన్నా దాదాపు ఇదే అంకె కనిపిస్తుంది.

దీని మీద 8 లక్షల కొత్త రుణం పెడితే 48 నెలల పాటు నెలకు దాదాపు 22,700 కిస్తీ పడుతుంది, మొత్తం వడ్డీయే 2,88,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. సిప్ ఆపేసి, కార్డును పట్టించుకోకపోయినా మీ తప్పనిసరి ఖర్చు నెలకు 87,200కు చేరుతుంది. ఇంత రాబడి మీకు పని ఉన్న నెలల్లోనే లేదు. ఇక అయిదవ నెలలో కాంట్రాక్టు లేకపోతే, బ్యాంకులోని 60,000 ఒక్క నెలకు కూడా రాదు. 16 శాతానికి అప్పు తెచ్చి షేర్లలో పెట్టి, ఆ లాభంతో కిస్తీ కడతానన్న ఆలోచనను మాత్రం దయచేసి ఈ రోజే వదిలేయండి. కిస్తీ ప్రతి నెలా ఒకే తేదీన వస్తుంది, షేర్ల లాభానికి తేదీ లేదు. ఇలా లెక్కలు వేసుకుని, మార్కెట్ పడ్డ నెలలో కిస్తీ కోసం నష్టానికి అమ్ముకుని, ఆపై మిగిలిన అప్పు తీర్చడానికి లోన్ యాప్‌ల దాకా వెళ్లిన కుటుంబాలను నేను చూశాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

వర్క్‌స్టేషన్ గురించి మీరు సాంకేతిక కోణంలో మరోసారి ఆలోచించాలి. పెద్ద అమెరికన్ స్టూడియోల సిరీస్‌ల పని, ట్రస్టెడ్ పార్ట్‌నర్ నెట్‌వర్క్ వంటి భద్రతా మదింపులకు లోబడి నడిచే స్టూడియోలకే ఎక్కువగా వెళుతుంది. విడుదల కాని షాట్‌ను ఇంటి కంప్యూటర్‌లోకి దించుకోనివ్వరు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి చేసినవారు కూడా చాలావరకు స్టూడియోలోని యంత్రాన్నే దూరం నుంచి నడిపారు, వారి ఇంట్లో ఉన్నది ఒక మామూలు కంప్యూటర్, మంచి ఇంటర్నెట్, సరైన మానిటర్. కాబట్టి మూడున్నర లక్షల యంత్రం మీకు ఇప్పుడు వస్తున్న తరహా పనిని ఇంటికి తెచ్చిపెట్టదు. మీ పనిని చూపించుకునే వీడియో (షోరీల్) కోసమే అయితే న్యూక్ నాన్ కమర్షియల్, హుడీనీ అప్రెంటిస్, బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటికి మీ దగ్గరున్న కంప్యూటర్‌లో మెమొరీ పెంచుకుంటే చాలు. ప్రకటనల పని చేతికొచ్చి, బయానా అందిన తరువాత యంత్రం అద్దెకు తీసుకోవచ్చు.

నేను పదే పదే చెప్పే మాటే మీకూ చెబుతున్నాను. మీకు కావలసింది అత్యవసర నిధి. నెల జీతం వచ్చే ఉద్యోగికి మూడు నుంచి ఆరు నెలల ఖర్చు చాలంటారు, ఆ కొలత మీకు పనికిరాదు. సీజన్ల మధ్య ఏడాదికి పైగా ఖాళీ రాగల వృత్తిలో పన్నెండు నెలల ఇంటి ఖర్చు మీ పేర విడిగా ఉండాలి. అది ఎలా సమకూరుతుందో మీ అంకెలతోనే చూపిస్తాను. మ్యూచువల్ ఫండ్ల నుంచి 1,40,000 తీసి కార్డు బాకీ ఈ వారంలోనే పూర్తిగా తీర్చండి, కార్డును మినిమం డ్యూ కట్టే అలవాటు పోయేదాకా బీరువాలో పెట్టండి. మిగిలిన 1,80,000 కూడా ఫండ్లలో నుంచి తీసి, బ్యాంకులోని 60,000తో కలిపి, సగం అవసరమైనప్పుడు తీసుకోగల స్వీప్ ఇన్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, సగం త్వరగా డబ్బుగా మారే లిక్విడ్ ఫండ్‌లో ఉంచండి. ఫండ్లను అమ్మి, ఎంతో ఇష్టంగా నడుపుతున్న సిప్‌ను ఆపమంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ ఖాళీ నెలలు వచ్చి, మార్కెట్ కూడా పడి ఉంటే మీరు ఆ ఫండ్లను ఇప్పటికంటే తక్కువకు అమ్ముకోవలసి వస్తుంది.

కారును అమ్మమని కూడా చెప్పక తప్పడం లేదు. దాని మీద ఎంత అప్పు మిగిలిందో మీరు రాయలేదు. అప్పు తీరగా చేతికి ఒక లక్ష మిగిలినా మేలే, ఏమీ మిగలకపోయినా మేలే, ఎందుకంటే నెలకు 11,500 కిస్తీ, పెట్రోలు, మరమ్మతులు, ఇన్సూరెన్స్ అన్నీ ఆగిపోతాయి. డెలివరీ రోజుల్లో అర్ధరాత్రి దాటి ఇంటికి రావడానికి క్యాబ్ వాడినా కారు కంటే తక్కువే అవుతుంది. కారు, కార్డు, సిప్ మూడూ తీసేస్తే మీ ఇల్లు నెలకు 53,000తో నడుస్తుంది. 81,000లో 28,000 మిగులుతుంది. కాంట్రాక్టు మిగిలిన నాలుగు నెలల్లో అది 1,12,000. ముందున్న 2,40,000తో కలిపి 3,52,000. పన్ను రిటర్ను వేసే విషయంలో మీరు అశ్రద్ధ చేస్తున్నారేమోనని నా అనుమానం. కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే మామూలు రాబడి మీద పన్ను పడదు కనుక, 11 లక్షల మీద కోసిన 1,10,000 టీడీఎస్ మొత్తం మీకు తిరిగి రావాలి. ఫండ్లు అమ్మిన లాభాన్ని కూడా కలిపి ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో లెక్క సరిచూపించుకుని, గడువు లోపల రిటర్ను వేయండి. ఆ సొమ్ము కూడా చేరితే 4,62,000, అంటే దాదాపు ఎనిమిదిన్నర నెలల ఖర్చు, అదీ ఒక్క రూపాయి అప్పు లేకుండా. పన్నెండు నెలలకు కావలసిన 6,36,000లో మిగతాది తరువాతి కాంట్రాక్టు మొదటి నెలల్లోనే పూర్తి చేయాలి, అది పూర్తయ్యేదాకా సిప్ మళ్లీ మొదలుపెట్టవద్దు.

బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. స్టూడియో గ్రూపు ఆరోగ్య బీమా ఇస్తున్నా, అది మీ కాంట్రాక్టుతోనే ముగుస్తుంది. మీ కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ, అమ్మానాన్నలకు విడిగా మరొకటి, పని ఉన్న ఈ నాలుగు నెలల్లోనే తీసుకోండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండవచ్చు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. నాన్నగారికి షుగర్, బీపీ వంటివి ఏమున్నా దరఖాస్తులో దాచకుండా రాయండి, దాచిన పాలసీ ఆసుపత్రిలో అక్కరకు రాదు. పాప చిన్నది, ఇంట్లో మీ ఒక్కరిదే సంపాదన అయితే కోటి రూపాయల టర్మ్ పాలసీ కూడా తప్పదు. రోజుకు పది పన్నెండు గంటలు పెన్ టాబ్లెట్ మీద పనిచేసే చెయ్యి మీది. మణికట్టు, మెడ నొప్పులతో పని మానుకున్న కళాకారులు మీ తోటివారిలోనే ఉంటారు. ప్రమాద బీమా తీసుకునేటప్పుడు తాత్కాలికంగా పనిచేయలేని వారాలకు పరిహారం ఇచ్చే పాలసీని అడగండి, మామూలు నొప్పులు అందులోకి రావన్నది కూడా గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. ప్రీమియంలన్నింటికీ కలిపి ఏడాదికి 60,000 దాకా పక్కన పెట్టండి, దానివల్ల నిధి ఏడున్నర నెలలకు తగ్గినా పరవాలేదు.

ఎఫ్‌ఎక్స్ కోర్సు ఆలోచన మంచిదే. రోటో, పెయింట్ పనుల్లో యంత్రాలే చేసే భాగం పెరుగుతున్నప్పుడు పేలుళ్లు, పొగ, నీరు, శిథిలాలు చేయగలవారికి గిరాకీ ఎక్కువ. అయితే దానికి అప్పు అక్కర్లేదు, ఖాళీ వచ్చిన నెలల్లో ఉచిత పాఠాలతో మొదలుపెట్టి, నిధి నిండాక చేరండి. ఇల్లు కొనడం, బంగారం, పింఛను పథకాలు ఇప్పుడు వద్దు.

కాంట్రాక్టు ముగిసేలోగా స్టూడియో నుంచి మూడు విషయాలు ఈమెయిల్‌లో రాయించుకోండి: చివరి రెండు నెలల బిల్లులు ఏ తేదీకి చెల్లిస్తారు, టీడీఎస్ పత్రం ఎప్పుడు ఇస్తారు, సిరీస్ ప్రసారమయ్యాక మీ షాట్లను షోరీల్‌లో చూపించుకోవడానికి అనుమతి ఎవరిని అడగాలి. ప్రాజెక్టు ముగిశాక బిల్లు డబ్బు అందడానికి 45 రోజులు, 60 రోజులు పట్టడం మీ రంగంలో మామూలే కనుక, ఆ సొమ్మును చేతికి వచ్చేదాకా పై లెక్కలో కలపవద్దు. కారు అప్పు ఎంత మిగిలిందో బ్యాంకు నుంచి తీసుకుని రాసి పంపితే, ఏ నెలలో ఏది తీర్చాలో వరుస వేసి ఇస్తాను.