చైనాకు చెందిన దావో తత్వం ప్రధానంగా చెప్పేదేమిటి? అందులోని ‘వు వెయ్’ (మాటకు మాట అర్థం ‘చేయకపోవడం’) అంటే ఏ పనీ చేయకుండా ఊరికే ఉండటమేనా?

కానే కాదు. ఊరికే కూర్చోమని చెప్పడానికి ఈ తత్వానికి మూలపురుషులనదగ్గ ప్రాచీన చైనా ఆలోచనాపరులు లావోజీ, జువాంగ్‌జీ అవసరం లేదు. నాకిది పుస్తకంలో కన్నా ముందు అనాటమీ హాల్లో అర్థమైంది.

నేను ఎంబీబీఎస్ చైనాలో, హుబెయ్ రాష్ట్రంలో చదివాను. అక్కడ శవాన్ని గురువుగా చూస్తారు, కత్తి పట్టే ముందు అందరం తల వంచి నమస్కరించేవాళ్లం. ఆ రోజు మెడ డిసెక్షన్. బ్లేడు మొద్దుబారితే మార్చడం, మళ్లీ కోయడం, ఇదే మా బ్యాచ్ పని. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మా సార్ వచ్చి స్కాల్పెల్ అందుకున్నారు. కోయలేదు. దాన్ని తిరగేసి, పిడి కొసతో కండరం పక్కనున్న పల్చటి పొరను మెల్లగా నెట్టారు. అది తనంతట తానే విడిపోయింది. లోపల కెరోటిడ్ ధమని, దాని పక్కన జుగులార్ సిర, రెంటి మధ్య వేగస్ నరం, ఒక్క గాటు లేకుండా బయటపడ్డాయి. అప్పుడు ఆయన డింగ్ కథ చెప్పారు.

అది జువాంగ్‌జీ పేరుతోనే ఉన్న పుస్తకం మూడో అధ్యాయంలో ఉంది. డింగ్ ఒక ప్రభువు దగ్గర వంటవాడు. మామూలు వంటవాడు నెలకో కత్తి మారుస్తాడు, పనితనం ఉన్నవాడు ఏడాదికొకటి. డింగ్ కత్తి మాత్రం 19 ఏళ్లుగా వేల ఎద్దులను కోసినా అప్పుడే సానపట్టినట్టు ఉంటుంది. ఎందుకంటే అతను ఎముకను నరకడు, కీళ్ల మధ్య ఉన్న ఖాళీలోంచి కత్తిని పోనిస్తాడు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు, తర్వాతి మాట వదిలేస్తారు. చిక్కైన చోటు రాగానే డింగ్ జాగ్రత్తపడతాడు, చూపు అక్కడే నిలుపుతాడు, వేగం తగ్గించి కత్తిని కదిలీ కదలనట్టు కదుపుతాడు. నా దృష్టిలో వు వెయ్ అంతా అక్కడే ఉంది. బలవంతం ఉండదు, ఏమరుపాటు అసలే ఉండదు.

కొండలు, పొగమంచు ఫొటో పెట్టి ‘జీవితాన్ని దాని దారిన వదిలేయండి’ అని లావోజీ పేరుతో వాట్సాప్‌లో పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లావోజీదని చెప్పే ‘దావో దె జింగ్’ 81 చిన్న అధ్యాయాల పుస్తకం, అందులో చాలా మాటలు పాలించేవాళ్లకు చెప్పినవే. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపను వండటం లాంటిదంటాడు, అంటే గరిటె పెట్టి కెలకొద్దని. పైవాళ్లు పన్నులు ఎక్కువ మింగుతారు కాబట్టే ప్రజలు ఆకలితో ఉన్నారని 75వ అధ్యాయం నేరుగా అంటుంది. ఇది మనశ్శాంతి చిట్కా ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. జువాంగ్‌జీ కథల్లో పాఠం చెప్పేది చాలాసార్లు చేతిపనివాళ్లే. 70 ఏళ్ల బండిచక్రాల వడ్రంగి, పుస్తకం చదువుకుంటున్న ప్రభువుతోనే ‘మీరు చదివేది చనిపోయినవాళ్లు వదిలిన పిప్పి’ అంటాడు. తన చేతికి తెలిసింది కొడుక్కి కూడా మాటల్లో చెప్పలేకపోతున్నానంటాడు. మన దగ్గర వైద్యవిద్య దీనికి పూర్తిగా ఎదురు దిశలో పోతోంది. చైనాలో చదివామంటే చాలు, ‘అక్కడ ఏం నేర్పుతారులే’ అని మొహం చిట్లిస్తారు. తిరిగొచ్చి లైసెన్స్ పరీక్షకు నేను చేరిన కోచింగ్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఎంసీక్యూలే తప్ప, చేయి పట్టుకుని పని నేర్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఇంటర్న్‌లు ప్రశ్నకు జవాబు టక్కున చెబుతారు, కుట్టు వేయమంటే టెన్షన్ పడి దారం తెగేదాకా లాగుతారు. వాళ్లకు ముందు పొరలు వేలితో తడిమి గుర్తుపట్టడం నేర్పిస్తున్నాను, కత్తి ఆ తర్వాతే.

చదవాలనుకుంటే జువాంగ్‌జీ మొదటి ఏడు అధ్యాయాలతో మొదలుపెట్టండి. వడ్రంగి కథ మాత్రం 13వ దాంట్లో ఉంది, దాన్ని వదలకండి.