అంత్యక్రియలకి వెళ్లలేకపోతే ఆ మనిషి గుర్తులు తగ్గిపోతాయా?

సెలవు దొరక్క మామ్మ అంత్యక్రియలకి అందుకోలేకపోయాను, ఆవిడ గుర్తులు సగమే మిగిలాయేమో అని అడిగారు కదా. నాకు రెండు రకాలూ అనుభవమే. మాది ఉద్దానం, సోంపేట దగ్గర పల్లె.

తాత పోయినప్పుడు మొదటినుంచీ ఉన్నాను, పాడె మోశాను, దింపుడు కళ్లం దగ్గర నాన్న తాత చెవిలో మూడుసార్లు పిలుస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఆ తర్వాత చాలా రోజులు తాత అనుకుంటే చాలు ముక్కులో దూది పెట్టిన ఆ మొహమే వచ్చేది, నన్ను భుజానెక్కించుకుని సంతకి తిప్పిన మనిషి అసలు కనపడేవాడు కాదు. చివరిచూపు దక్కడం అదృష్టమంటారు గానీ అదొక్కటే మిగిలితే మోయలేం.

దాన్ని మార్చింది పెద్దకర్మ దాకా పలకరింపుకొచ్చిన జనమే. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు కొబ్బరితోటలన్నీ పడిపోయి కరెంటు లేక మంచినీళ్లకి కటకటలాడుతుంటే తాత డీజిల్ ఇంజన్ పెట్టి వీధి మొత్తానికి నీళ్లు పట్టించాడంట, మాకు ఫోన్లో ఒక్కముక్క చెప్పలేదు. ఎదురింటి పెద్దమ్మ "మీ తాత నేకపోతే మాకు గుక్కెడు నీళ్లు నేవు బాబూ" అని ఏడుస్తూ చెప్తే తెలిసింది. ఇప్పుడు తాత అంటే నాకు ఆ ఇంజన్ దగ్గర కూర్చున్న మనిషే, నేను కళ్లతో చూడకపోయినా.

మా మావయ్య 2021 మేలో కోవిడ్‌తో విశాఖలో పోయారు. వీడియో కాల్లో చూశాం అంతే, కర్మ కూడా ఇంట్లోవాళ్లే చేసేశారు, ఎవరూ వచ్చి నాలుగు మాటలు మాట్లాడలేదు. దాంతో ఆయన పోయినట్టే అనిపించేది కాదు, అలాగని గుర్తొచ్చేవారూ కాదు. సంవత్సరీకానికి విజయనగరం నుంచి ఆయనతో జూట్ మిల్లులో చేసినవాళ్లు వచ్చి, కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం రోజూ క్యారేజీలో ఒక గిన్నె ఎక్కువ తెచ్చేవారని చెప్పుకుంటుంటే అత్తయ్య నవ్వింది, ఏడ్చింది. మాకు మావయ్య అప్పుడు తిరిగి దక్కారు.

అందుకే తంతు చూళ్లేదని కుమిలిపోకండి, మీరు పోగొట్టుకున్నది ఆ మాటల్ని, అవి ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. సంవత్సరీకానికో, భాద్రపదంలో మహాలయ పక్షాలకో ఊరెళ్లి మామ్మ ఈడువాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చోండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. అందరికన్నా పెద్దవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.