ఎనభై పేజీల నివేదికను ఎవరూ ఎందుకు చదవరు? ముందుచూపు వృత్తిపై మీ ప్రశ్నలు

భవిష్యత్తును అధ్యయనం చేయడమే ఉద్యోగంగా ఉన్నవారు, కొత్తగా ఆ బాధ్యత నెత్తిన పడ్డవారు ఈసారి ఎక్కువగా రాశారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రణాళికా విభాగంలో పనిచేస్తున్నాను. ఇకమీదట ‘ఫోర్‌సైట్’ కూడా నువ్వే చూడాలన్నారు. ఏటా అమ్మకాల అంచనాలు వేస్తూనే ఉన్నాం. దానికీ దీనికీ తేడా ఏమిటి?

అమ్మకాల అంచనాకు ఒక్కటే జవాబు ఉంటుంది. గడిచిన లెక్కల గీతను ముందుకు పొడిగిస్తారు. రెండు మూడేళ్ల వరకు అది బాగానే పనికొస్తుంది. పది, పదిహేనేళ్ల దూరానికి వెళ్లేసరికి ఆ గీతను నిలబెట్టిన పరిస్థితులే మారిపోతాయి. అందుకే ఫోర్‌సైట్‌లో మూడు నాలుగు వేర్వేరు భవిష్యత్తులను (వీటినే సినారియోలు అంటారు) గీసి, మీ సంస్థ ఇప్పుడు తీసుకోబోయే నిర్ణయం వాటిలో ఎన్నింట్లో నిలబడుతుందో చూస్తారు.

మొదటి వారంలోనే పైవాళ్లను ఒక మాట అడగండి: ‘రాబోయే ఏడాదిన్నరలో మీరు తీసుకోబోయే నిర్ణయాల్లో, ఒకసారి తీసుకుంటే వెనక్కి రాలేనివి ఏవి?’ ఆ జాబితా చేతిలో లేకుండా మొదలుపెట్టిన అధ్యయనం ఎంత బాగున్నా చివరికి బీరువాలోకే వెళ్తుంది. మీ పని చూశాక ఏదో ఒక నిర్ణయం మారిందా, ఆగిందా, ముందుకు జరిగిందా అన్నదే ఈ వృత్తికి కొలబద్ద.

ప్రశ్న: రోజూ రెండు గంటలు వార్తలు, పరిశోధనా పత్రాలు చదువుతున్నాను. ఆరు నెలల్లో తొమ్మిది వందల లింకులు పోగయ్యాయి. వీటితో ఏం చేయాలో తోచడం లేదు.

లింకులో ఉండేవి ఎవరి మాటలో. మీకు కావలసింది మీ మాటల్లో రాసుకున్న కార్డు. ఒక్కో సంకేతానికి, అంటే రాబోయే మార్పును సూచించే ఒక్కో చిన్న విషయానికి, ఐదే ఐదు వరుసలు రాయండి: తేదీ, ఎక్కడ చూశారు, ఇందులో కొత్తేమిటి, ఇది పెరిగితే ఏం మారుతుంది, మన సంస్థ నమ్ముతున్న ఏ మాటను ఇది కదిలిస్తుంది. ఐదో వరుసలో రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ కార్డు చింపేయండి. రోజుకు అరగంట, మూడు కార్డులు చాలు. వారానికి ఐదు రోజుల చొప్పున పన్నెండు వారాల్లో 180 కార్డులు అవుతాయి. అంతకు మించితే వాటిని తిరిగి చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

కార్డు మూలన సమాజం, సాంకేతికం, ఆర్థికం, పర్యావరణం, రాజకీయం అనే ఐదింటిలో ఒక గుర్తు వేయండి. శనివారం లెక్కపెట్టండి. దాదాపు అందరికీ సాంకేతికం సగానికి పైగా వస్తుంది, ఎందుకంటే కొత్త పరికరం వార్త అవుతుంది, జనం నెమ్మదిగా మార్చుకునే అలవాటు వార్త కాదు. సగం దాటితే మరుసటి వారం సాంకేతికం పూర్తిగా మానేసి మిగతా నాలుగే చూడండి.

మూడు నెలలయ్యాక మరో ఇద్దరిని కూర్చోబెట్టుకుని కార్డులన్నీ బల్ల మీద పరవండి. శాఖలవారీగా పేర్చకండి. ‘ఇది దేన్ని మారుస్తోంది?’ అని అడుగుతూ గుంపులు కట్టండి. పది పన్నెండు గుంపులు తేలితే సరిగ్గా చేసినట్టే. ఒక్క కార్డును చూసి ట్రెండ్ అనకండి. ఒకదాన్నొకటి ఉటంకించని మూడు చోట్ల నుంచి వచ్చినప్పుడే ఆ మాట వాడండి. ఒకే పత్రికా ప్రకటనను తిప్పి రాసిన మూడు వ్యాసాలు ఒక్కటి కిందే లెక్క.

ఇక ఆ తొమ్మిది వందల్లో చివరి అరవై తీసి కార్డులు రాయండి. మిగతావి వదిలేయండి. వాటిలో నిజంగా ముఖ్యమైనది ఉంటే మళ్లీ ఎదురొస్తుంది.

ప్రశ్న: రెండు అక్షాలు గీసి నాలుగు గడుల్లో సినారియోలు తయారుచేశాం. అందరికీ ఒక గడే నచ్చింది, మిగతా మూడింటి గురించి ఎవరూ మాట్లాడలేదు. లోపం ఎక్కడ?

చాలామటుకు అక్షాల్లోనే, అంటే ఎటు తేలుతుందో తెలియని మార్పులుగా మీరు ఎంచుకున్న రెండు గీతల్లోనే ఉంటుంది. ‘ఆర్థిక వృద్ధి ఎక్కువ, తక్కువ’, ‘సాంకేతికత గెలుపు, ఓటమి’ లాంటి అక్షాలు పెట్టుకుంటే ఒక మూల స్వర్గం, దాని ఎదుటి మూల నరకం తయారవుతాయి. ఇక చర్చించడానికేముంటుంది? రెండు కొసల్లోనూ కొంత లాభం, కొంత నష్టం ఉండే అక్షం కావాలి. ‘నిర్ణయాధికారం ఒకచోట పోగుపడటం, పలుచోట్ల చెదిరిపోవడం’ అలాంటిది. ‘జనం తమ సమాచారాన్ని ధారాళంగా ఇచ్చేయడం, గుప్పిట మూసుకోవడం’ మరొకటి.

రెండో తప్పు, అక్షాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం. మొదటిదాన్ని ఒక కొసకు లాగి చూడండి. రెండోది తనంతట తానే కదిలిందా? అయితే మీ దగ్గరున్నవి నాలుగు గడులు కావు, రెండే. మూడో తప్పు, ఖాయమైనదాన్ని అక్షంగా పెట్టడం. ఇరవై ఏళ్ల తర్వాత అరవై దాటబోయేవారంతా ఇప్పటికే నలభై దాటి మన మధ్యే ఉన్నారు. వృద్ధుల సంఖ్య అనిశ్చితి కాదు, అది నాలుగు గడుల్లోనూ ఉండాలి. ఆ పెరుగుదలను సమాజం ఎలా సంబాళించుకుంటుందన్నదే అనిశ్చితి.

ఈసారి ఇలా చేసి చూడండి. పన్నెండు నుంచి పద్దెనిమిది మందిని పిలవండి, మూడో వంతు బయటివాళ్లు ఉండాలి. ఎనిమిది మంది కంటే తగ్గితే భిన్నాభిప్రాయం కరువవుతుంది. ఇరవై దాటితే నలుగురే మాట్లాడతారు. మార్పుకు కారణమయ్యే శక్తులను నలభై దాకా గోడ మీద అంటించండి. ‘ప్రభావం ఎంత?’ అన్నదానికి మనిషికి ఐదు ఓట్లు, ‘ఎటు పోతుందో తెలియనిది ఏది?’ అన్నదానికి విడిగా ఐదు ఓట్లు. రెండింట్లోనూ పైన నిలిచిన ఆరింటిని తీసుకుని, జతలు మార్చి మార్చి కనీసం ఆరు నాలుగు-గడుల పటాలు గీయండి. మొదటి జతతోనే సరిపెట్టుకోవడం వల్లే చాలా వర్క్‌షాపులు చప్పబడతాయి. పని రెండు రోజులు, మధ్యలో ఒక వారం విరామం పెట్టండి. ఆ వారంలో ఇద్దరు కూర్చుని కథలు రాయాలి. పదిమంది కలిసి రాసిన కథ ఎవరికీ గుర్తుండదు.

అక్షాలు ఎంతకీ కుదరకపోతే హవాయి విశ్వవిద్యాలయంలో జిమ్ డేటర్ రూపొందించిన నాలుగు నమూనాలు తీసుకోండి: ఇప్పటి వృద్ధి కొనసాగడం, కుప్పకూలడం, కట్టుబాట్ల మధ్య బతకడం, పూర్తిగా రూపం మారిపోవడం. మూడు సినారియోలు మాత్రం వద్దు. వింటున్నవాళ్లు మధ్యదాన్ని పట్టుకుని ఊపిరి పీల్చుకుంటారు.

పేర్ల మీద ఒక గంట ఖర్చుపెట్టినా దండగ కాదు. 1991, 1992లో, వర్ణవివక్ష పాలన ముగిసే దశలో ఉన్న దక్షిణాఫ్రికాలో పరస్పరం పడని పక్షాల నుంచి 22 మంది మాంట్ ఫ్లూర్ అనే చోట కూర్చుని నాలుగు కథలు తయారుచేశారు. ప్రభుత్వం చర్చలకు రాకుండా ఇసుకలో తల దూర్చేది ఉష్ట్రపక్షి, కాళ్లు కట్టేసినట్టు సాగే బలహీన పాలన కుంటి బాతు, ఉన్నదంతా ఒక్కసారిగా ఖర్చుపెట్టి కూలిపోయేది ఇకారస్ (గ్రీకు పురాణంలో సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి పడిపోయినవాడు), అందరూ కలిసి నెమ్మదిగా పైకి లేచేది ఫ్లెమింగోలు. నివేదిక చూడనివాళ్లు కూడా ఆ పేర్లతో వాదించుకోగలిగారు. ‘సినారియో బి’ అని రాస్తే ఆ పని జరగదు.

ప్రశ్న: ‘అవకాశం గట్టిగానే ఉంది’ అని రాశాను. డైరెక్టరు గారు దాన్ని ‘తప్పక జరుగుతుంది’ అని బోర్డుకు చెప్పారు. అంకెలు వేయాలా?

వేయాలి, మాట పక్కనే వేయాలి. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో షెర్మన్ కెంట్‌కు ఇదే ఎదురైంది. యుగోస్లావియాపై దాడి జరగడానికి ‘గట్టి అవకాశం’ ఉందని 1951లో ఆయన బృందం ఒక నివేదిక ఇచ్చింది. అంటే ఎంత అని ఒక అధికారి అడిగితే, నూటికి 65 అని కెంట్ చెప్పారు. ఆ అధికారి చాలా తక్కువ అనుకుని ఉన్నారు. తర్వాత తన బృందంలోనే అడిగి చూస్తే ఒకరు 20 అన్నారు, ఇంకొకరు 80 అన్నారు. అందరూ కలిసి ఒప్పుకున్న వాక్యం అది! 1964లో ఆయన ప్రతిపాదించిన కొలతల్లో ‘దాదాపు ఖాయం’ 93 చుట్టూ, ‘జరగవచ్చు’ 75 చుట్టూ, ‘జరగకపోవచ్చు’ 30 చుట్టూ, ‘దాదాపు జరగదు’ 7 చుట్టూ ఉంటాయి. మీరూ ఇలాంటి పట్టిక ఒకటి తయారుచేసి ప్రతి నివేదికలో మొదటి పేజీ అడుగున అచ్చు వేయండి.

పదిహేనేళ్ల సినారియో మొత్తానికి మాత్రం శాతం కట్టకండి. కథలో ఒక్కో వివరం చేరే కొద్దీ అది అచ్చంగా అలాగే జరిగే అవకాశం తగ్గుతుంది, వినేవారి నమ్మకం మాత్రం పెరుగుతుంది. గడువూ, తేల్చే పద్ధతీ ఉన్న చిన్న వాక్యాలకే అంకె వేయండి. వాటిని బ్రయర్ స్కోరుతో, అంటే అంచనా నిజానికి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలతతో సరిచూసుకోవచ్చు. జరిగినదాన్ని 1 గా, జరగనిదాన్ని 0 గా తీసుకుంటారు. 80 శాతం అన్నది జరిగితే లోటు 0.2, దాని వర్గం 0.04. జరగకపోతే లోటు 0.8, వర్గం 0.64. అన్నింటి సగటు సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అన్నింటికీ కళ్లు మూసుకుని 50 శాతం అన్నా 0.25 వస్తుంది, కాబట్టి దానికంటే ఎక్కువ వస్తుంటే మీ అంకెలు మేలు కన్నా కీడే చేస్తున్నాయి.

ప్రశ్న: ఆరు నెలలు కష్టపడి ఎనభై పేజీల నివేదిక ఇచ్చాం. ‘చాలా బాగుంది’ అన్నారు. అంతే.

ఎనభై పేజీలు మీకు అవసరం, వాళ్లకు కాదు. షెల్ చమురు సంస్థలో పియర్ వాక్ బృందానికి 1970ల మొదట్లో ఇదే పాఠం ఎదురైంది. మొదట చేసిన సినారియోలు అనిశ్చితులను చక్కగా పేర్చి చూపాయి, మేనేజర్లు వాటితో ఏమీ చేయలేకపోయారు. ఆ తర్వాత ఆ మేనేజర్ల మనసులో ప్రపంచం ఎలా ఉందో తెలుసుకుని, అది ఎక్కడ నిలవదో చూపించేలా వాటిని తిరగరాశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చేనాటికి, అలాంటిది రావచ్చన్న ఆలోచన ఆ సంస్థకు కొత్త కాదు.

అంటే పంచుకునే పని నివేదిక పూర్తయ్యాక మొదలయ్యేది కాదు. అధ్యయనానికి ముందే నిర్ణయాలు తీసుకునేవారిలో ఆరేడుగురిని ఒక్కొక్కరిగా, నలభై ఐదు నిమిషాల చొప్పున కలవండి. ‘పదేళ్ల తర్వాతి సంగతులన్నీ తెలిసిన మనిషి ఎదురుపడితే ఏ మూడు ప్రశ్నలు అడుగుతారు?’ అనండి. వాళ్లు వాడిన మాటలు అలాగే రాసుకోండి. మీ చివరి పత్రం ఆ మాటలతోనే మొదలవ్వాలి.

ఆ పత్రం ఒక్క పేజీ. పైన, ముందున్న నిర్ణయం. దాని కింద, ఆ నిర్ణయం ఏ మూడు నాలుగు నమ్మకాల మీద నిలబడి ఉంది. తర్వాత, ఏ సినారియోలో ఏ నమ్మకం కూలుతుంది. చివర, తక్కువ ఖర్చుతో ఇప్పుడే చేయదగ్గ పని ఏది. పద్ధతి గురించి ఒక్క వాక్యం కూడా వద్దు, అడిగినవారికి ఎనభై పేజీలు ఉండనే ఉన్నాయి.

సమావేశంలో సినారియోకు మూడు నిమిషాలు ఇవ్వండి. ట్రెండ్‌ల జాబితా చదవకుండా ఆ ప్రపంచంలో ఒక ఉద్యోగిని పనిదినం చెప్పండి: పొద్దున ఆమెకు ఏం దొరకలేదు, ఎవరి అనుమతి అడగాల్సి వచ్చింది, ఏ పని తనంతట అయిపోయింది. దృశ్యానికి ఒక్క వింతే ఉండాలి. రెండో వింత చేరిందంటే శ్రోతలు ‘అది సాధ్యమా’ అని దాని మీదే వాదిస్తారు. చెప్పడం అయిపోగానే చర్చ తెరవకండి. ‘ఈ ప్రపంచంలో మన ఇప్పటి పథకంలో ఏది విఫలమవుతుంది?’ అని ప్రతి ఒక్కరూ ఐదు నిమిషాలు మౌనంగా కాగితం మీద రాయాలి. ముందు మాట్లాడితే పెద్దాయన అభిప్రాయమే అందరిదీ అవుతుంది.

ఇంకొకటి, ఇది మర్యాదకు సంబంధించింది. ఒక విభాగం మూడు సినారియోల్లో నిలవదని తేలితే ఆ విభాగాధిపతికి ఆ మాట ముందుగా ఏకాంతంలో చెప్పండి. నలుగురిలో మొదటిసారి విన్న మనిషి మీ పద్ధతిలో తప్పులు వెతకడం మొదలుపెడతారు. వారి స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

ఆ తర్వాత సినారియోకు మూడు నాలుగు మైలురాళ్లు పెట్టండి. ఏ అంకె, ఏ గీత దాటితే, ఎవరు మూడు నెలలకోసారి చూస్తారు, దాటితే ఏం చేస్తారు. ‘ఎవరు’ అన్న చోట విభాగం పేరు కాక మనిషి పేరు ఉండాలి.

ప్రశ్న: క్లయింట్ ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి, దాన్ని సమర్థించే భవిష్యత్తు రాసివ్వమంటున్నారు.

ఒప్పుకోవద్దు. ఆ పని చేసిపెట్టడానికి ప్రచార సంస్థలున్నాయి. ఒక మధ్యేమార్గం మాత్రం చూపించవచ్చు: నిర్ణయాన్ని అలాగే ఉంచి, ‘రెండేళ్లు గడిచాయి, ఇది ఘోరంగా విఫలమైంది, ఎందుకో రాయండి’ అని వాళ్ల బృందంతోనే గంటసేపు రాయించండి. మనస్తత్వవేత్త గ్యారీ క్లెయిన్ దీన్ని ప్రీమార్టమ్ అన్నారు. దానికీ ఒప్పుకోకపోతే బయటికి వచ్చేయండి. ఒప్పందంలో ‘ఫలితాలపై తుది మాట అధ్యయన బృందానిదే’ అన్న వాక్యం మొదటి నుంచీ ఉంటే ఈ ఇబ్బంది చాలామటుకు రాదు.

ప్రశ్న: ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయ వ్యవస్థలో 1970లలోనే ఫోర్‌సైట్‌లో మాస్టర్స్ కోర్సు మొదలైంది. 1973లో మొదలైన వరల్డ్ ఫ్యూచర్స్ స్టడీస్ ఫెడరేషన్ పరిశోధకులకు, 2002లో మొదలైన అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ ఫ్యూచరిస్ట్స్ వృత్తిలో ఉన్నవారికి వేదికలు. కోర్సు కుదరకపోతే పై కార్డులు మూడు నెలలు రాయండి. ఈ పని మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

ప్రశ్న: మేం అసలు ఊహించనిది జరిగింది. ఇప్పుడు క్లయింట్ ముఖం ఎలా చూడాలి?

పాత కార్డులు, ఓట్ల కాగితాలు, సమావేశపు నోట్సు తీసుకుని వెళ్లండి. వాళ్లతో కలిసి మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి. సంకేతం మన దాకా రానే లేదా? అయితే చదివే చోట్లు మార్చాలి. కార్డు రాశాం గానీ గుంపులు కట్టేటప్పుడు పక్కన పడేశామా? అయితే ఏ గుంపుకూ చెందని కార్డులను ఇకమీదట విడిగా ఒక డబ్బాలో వేసి మూడు నెలలకోసారి చదవాలి. చెప్పాం గానీ ఎవరూ వినలేదా? అది కూడా మన లోపమే. ఎవరికి, ఏ రోజు, ఏ మాటల్లో చెప్పామో నోట్సులో వెతికి, అదే విషయాన్ని ఇప్పుడైతే ఎలా చెబుతామో క్లయింట్ ఎదుటే తిరగరాయండి.